దొర షేర్వానీలో మా తాత

ఈ మధ్య హనుమకొండలో ఆటో ఎక్కి మా వాడ పేరు చెబితే, డ్రైవరు వెనక్కి తిరగకుండానే "బొమ్మ కాడ దిగుతరా సార్, ఇంకా ముంగటికి పోవాల్నా?" అని అడిగాడు. బొమ్మ లేదు. తీసేశారు. అది నిలబడ్డ చోట ఇప్పుడు వెడల్పాటి తారురోడ్డు, దాని మీద తెల్లగీతలు, ఎవరూ లెక్కచేయని ఒక సిగ్నలు లైటు ఉన్నాయి. అయినా "బొమ్మ కాడనే" అన్నాను. దిగి, పాత అలవాటు కొద్దీ తల పైకెత్తాను. కరెంటు తీగలు, వాటి మీద ఒక కాకి. ఆ కాకి కూడా కూర్చునే చోటు పోగొట్టుకున్నదానిలాగే నావైపు చూసింది.

ముందే ఒక మాట చెప్పాలి. మా వాడలో నన్ను కోతల వెంకటి అంటారు. నా భార్య అయితే ఇంటికి వచ్చిన కొత్తవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేటప్పుడే, ఆయన చెప్పినదాంట్లో సగం తీసేసి మిగిలినదాంట్లో సగం నమ్మండి అని హెచ్చరిస్తుంది. ఆమె లెక్క నాకు అన్యాయంగా ఏమీ అనిపించదు. కానీ ఈ బొమ్మ సంగతికి ఆ లెక్క వర్తించదు. ఇందులో నేను కల్పించినది ఏదైనా ఉంటే అది చీమల దగ్గర కొంచెం, అంతే. మిగిలినదంతా జరిగింది.

ఆ బొమ్మ ఒక దొరది. ఆయన పేరు రాయను. ఆయన మనవడు ఇప్పుడు మాకు పెళ్లిపత్రికలు పంపేంత దగ్గరివాడయ్యాడు, ఆ సంగతి చివర్లో వస్తుంది. దొరకు వరంగల్ పక్క ఊళ్ళో కోటలాంటి గడి ఉండేది. ఊరంతా ఆ గడికి కూలి లేని చాకిరీ చేసింది. అడిగినవాళ్ళ వీపు మీద ఆడడానికి దొర చేతిలో వెండి పొన్ను వేసిన చేతికర్ర ఒకటి ఎప్పుడూ ఉండేది. కాలం మారింది, ఆ ఊరి జనం సగం మంది పట్నం వచ్చి మా వాడలో గుడిసెలు వేసుకున్నారు. దొర పోయాక ఆయన కొడుకులు, మా వాడలో తమకున్న జాగాను నీళ్ల ట్యాంకుకు దానమిచ్చారు. ఇచ్చి, ఆ జాగా మూలన, సరిగ్గా నాలుగు దారులు కలిసేచోట తండ్రిని సిమెంటులో నిలబెడతామన్నారు. అంటే, ఆ మనిషి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు రోజూ నీళ్లకు ఆయన ముందు నుంచే బిందెలు మోసుకుపోవాలి. గొడవ అక్కడే మొదలైంది.

బొమ్మ చేసే పని కనకాచారికి వచ్చింది. ఈ చుట్టుపక్కల దేవుళ్ళంతా ఆయన చేతిలోంచి లేచినవాళ్ళే. ఆయనకు వాళ్ళ గురువు పెట్టిన నియమం ఒకటుంది: ఎదురుగా ప్రాణమున్న మనిషిని కూర్చోబెట్టుకోనిదే బొమ్మకు కళ్ళు తెరవకూడదు. దేవుడైనా సరే, మనిషైనా సరే. మా దగ్గరి గుళ్ళో ఆంజనేయుడికి ముఖం ఇచ్చింది కనకాచారి బామ్మర్ది. ఆ బామ్మర్ది కల్లు మండువాలో కూర్చుంటే పక్కన తాగేవాళ్ళు మొహమాటపడి లేచిపోయేవారట. దొర కొడుకులు ఏదో వేటలో తీసిన ఫోటో తెచ్చిచ్చారు. కనకాచారి దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "కాగితానికి ముక్కు ఎత్తుంటదా బాబూ? దీన్ని జూసి మీసం దించుత. మొఖం మాత్రం దించ. దొర ఒడ్డు, దొర పొడుగు ఉన్న మనిషిని పట్టుకరాండ్రి" అన్నాడు.

వాళ్ళ మేనేజరు దొర షేర్వానీ ఒకటి సంచిలో పెట్టుకుని, అది పట్టే మనిషి కోసం వాడవాడా తిరిగాడు. ఒకడికి చేతులు పొడుగైతే ఇంకొకడికి పొట్ట అడ్డం వచ్చింది. చివరికి మిర్చి యార్డులో ఎడ్లబండి తోలుకునే మా తాత మల్లయ్యకు, దర్జీ కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అదే మల్లయ్య వయసులో ఉండగా ఆ దొర బండే తోలాడు. ఆ దొర కర్ర వాత కూడా ఆయన వీపు మీద ఉండేది. గడిలో ఉన్నన్నాళ్ళూ దొర ముందు నిలబడడమే తప్ప కూర్చుని ఎరుగని మనిషి, ఇప్పుడు కనకాచారి కొట్టంలో దొర కుర్చీలో, దొర బట్టల్లో, జరీ రుమాలు తలకు చుట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఆ వెండి పొన్ను కర్రే పెట్టారు. సాయంత్రం ఇంటికి వచ్చి, "కొమురీ, ఇయ్యాల దొర కుర్చీల ఒక కునుకు గూడ తీసిన" అని మా బాపమ్మకు చెప్పి నవ్వేవాడట. బాపమ్మ నవ్వలేదు. "కుర్చీల కూసుంటివి మంచిగనే ఉన్నది. గా కట్టె ఎందుకు పట్టినవ్?" అని మాత్రం అడిగిందట.

బొమ్మకు కప్పిన గుడ్డ లాగిన రోజు దొర పెద్దకొడుకు చాలాసేపు తేరిపార చూసి, "మా బాపు ఇట్ల నవ్వేటోడు కాదు గదా?" అన్నాడు. మేనేజరు పక్కనుంచి, "ఇప్పుడు స్వర్గంల ఉన్నరు గద దొరా, నవ్వుతాండ్రు" అన్నాడు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. మరి ఆ ఊరి నుంచి వచ్చిన ముసలివాళ్ళు గుర్తుపట్టలేదా అంటే, వాళ్ళెప్పుడు దొర ముఖం చూశారు? ఆయన ముందు తలదించుకునే బతికారు. వాళ్ళకు తెలిసింది ఆయన కాళ్ళు, వాటికున్న జోళ్ళే. ముసలివాళ్ళు కూడా బొమ్మ కాళ్ళకేసి చూసి, "అవ్, దొరనే. గవే ముచ్చెలు" అని సాక్ష్యం చెప్పారు. మల్లయ్యను ఎరిగినవాళ్ళకు కూడా కింది నుంచి దొర రుమాలు, దొర మీసమే కనపడ్డాయి. మా తాత అక్కడే, బండి మీద కూర్చుని, తన ముఖానికి దండ వేస్తుంటే చూశాడు. సంగతి బయటపడితే కనకాచారికి ముప్పని, ఆ మాటను ఇల్లు దాటనివ్వలేదు. ఆ తర్వాతి వానకాలంలోనే పోయాడు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని బాపమ్మ ఆయన్ను ఏనాడూ స్టూడియో మెట్టు ఎక్కనివ్వలేదు. నేను అప్పటికి మాటలు కూడా సరిగా రానివాణ్ణి. అందుకే నాకు తాత అంటే సిమెంటే.

బాపమ్మది మిర్చి యార్డులో తొడిమెలు తీసే పని. పొద్దున జొన్నగటక తాగి, కొంగు నడుముకు దోపి పోయేది. పొద్దు గుంకే వేళకు ఎర్రగా వచ్చేది. చీర ఎరుపు, వేళ్ళు ఎరుపు, కనుబొమలు కూడా ఎరుపు. ఆమె గడపలో అడుగు పెడితే మా పిల్లి తుమ్మి లేచిపోయేది. ఆమె చేత్తో కలిపిన పచ్చిపులుసుకు మిరపకాయ వేయనక్కరలేదని మా అమ్మ నవ్వేది. ఎంత కడుక్కున్నా పోని ఆ ఘాటు ఆమె దుప్పట్లో, ఆమె తమలపాకుల సంచిలో, ఆమె నాకు దాచిపెట్టుకొచ్చే పుట్నాల పొట్లంలో కూడా ఉండేది. ఈ రోజుకీ ఎవరింట్లోనైనా ఎండుమిరపకాయలు వేపుతుంటే నాకు ముందు దుఃఖం వస్తుంది, తర్వాతే దగ్గు వస్తుంది.

ఇంటికి వచ్చే ముందు ఆమె తప్పకుండా బొమ్మ దగ్గర ఆగేది. గద్దె ఆమెకంటే ఎత్తు. మెడ రిక్కించి, చేతిలో సద్దిగిన్నె ఊపుతూ, "ఏమయ్యో, ఇంకెంతసేపు నిలవడ్తవ్? బతికినన్నాళ్ళు నిలవడ్డది సాలలేదా? దిగి రా, బువ్వ తిందువు" అనేది. చూసినవాళ్ళు, దొర మీద ఈ ముసలిదానికి ఇంత ప్రేమేమిటని విస్తుపోయేవాళ్ళు. నేను ఆమె కొంగు పట్టుకుని పైకి చూసేవాణ్ణి. ఒకరోజు ఆమె కొంగు దులిపింది, ఆ ఘాటుకు బొమ్మ తుమ్మింది. నేను నా కళ్ళతో చూశాను. పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి కూడా. ఇంటికి పోయి చెబితే మా బాపు, "సిమెంటు తుమ్ముతదారా? ఇప్పటికెల్లే కోతలు మొదలువెట్టినవా?" అని కసిరాడు. బాపమ్మ మాత్రం గిన్నె కడుగుతూ ఆగి, చాలా మామూలుగా, "తుమ్మిండా? మరి సల్లగుండు అన్నవా?" అని అడిగింది. అనలేదన్నాను. "అనాలె బిడ్డా" అంది.

మా బాపు సాంబయ్య యార్డులో బస్తాలు మోసేవాడు, హమాలీ సంఘానికి పెద్ద. దొర బొమ్మ తీసేయాలన్న కమిటీకి కూడా ఆయనే పెద్ద. ఏటా దొర వర్ధంతి నాడు ఒక పక్క గడివాళ్ళు పూలదండతో కార్లో వచ్చేవారు. వాళ్ళకంటే ముందే తెల్లవారుతుండగా మా కమిటీవాళ్ళు చెప్పులదండ వేసిపోయేవాళ్ళు. రెంటికీ మధ్య బాపమ్మ నీళ్ల బిందెతో వెళ్ళి, చెప్పులు తీసి పారేసి, బొమ్మను కడిగి వచ్చేది. దొరల మనిషని వాడలో ఆమెను కొందరు ఎత్తిపొడిచారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇంట్లో మాత్రం చెప్పింది. బాపు గటక ముందు కూర్చున్నప్పుడు గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నీ అయ్య మెడల చెప్పులేస్తవారా?"

"అది దొర బొమ్మనే అవ్వా."

"బొమ్మ దొరదే. మొఖమెవలది?"

"మొఖం సంగతి ఎత్తకు. కింద రాసింది ఎవల పేరు? జనం ఎవల్ని జూస్తాండ్రు? మనకోసం గా దొరను అక్కడ్నే ఉంచుమంటవా?"

"ఉంచుమని నేనన్ననా? తియ్యి. రేపే తియ్యి. నేను గూడ జెండ పట్టుకోని వస్త. గని మీ అయ్య మెడల చెప్పు వడితే నా చేతి బువ్వ నీకు లేదు."

బాపు గటక గిన్నె ఖాళీ చేసి లేచిపోయాడు. మరుసటేడు చెప్పులదండను తానే స్వయంగా వేస్తానని కమిటీవాళ్ళతో చెప్పాడు. నిచ్చెన ఎక్కి, దాన్ని మెడలో కాకుండా బొమ్మ చేతికర్రకు తగిలించి దిగాడు. కిందివాళ్ళు అయోమయపడ్డారు. "ఏందన్నా, మెడల వెయ్యక కట్టెకేసినవ్?" అని ఒకాయన అడిగాడు. బాపు చేతులు దులుపుకుంటూ, "ఈపులు వలగ్గొట్టింది మెడనా, కట్టెనా? శిచ్చ దానికే" అన్నాడు. అందులో ఏదో పెద్ద సిద్ధాంతం ఉందనుకుని వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మా వాడలో చెప్పులదండ ఎప్పుడూ కర్రకే పడింది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి ఆ పద్ధతి మెచ్చుకుని పోయారు. బాపమ్మ మాత్రం ఆ రోజు బాపుకు రెండోసారి పచ్చిపులుసు పోసింది.

మేడారం జాతరకు పోయి వచ్చిన ఏడు ఆమె ప్రసాదం బెల్లం, మేం బంగారం అనేది, ఒక ముక్క తెచ్చి బొమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. దానికి చీమలు పట్టాయి. ముందు ముచ్చెలు నల్లబడ్డాయి, తర్వాత పైజామా, మధ్యాహ్నానికి షేర్వానీ బొత్తాల దాకా దొర నల్లగా కదులుతున్నాడు. గడివాళ్ళు ఇది కమిటీ చేసిన కుట్ర అన్నారు, కమిటీ ఇది ప్రకృతి తీర్పు అన్నది, ఇద్దరు పోలీసులను కాపలా పెడితే వాళ్ళు గోక్కుంటూ పారిపోయారు. చీమలు మెడ దాకా వచ్చి ఆగిపోయాయి. ముఖం మీదికి ఒక్కటి కూడా పోలేదు. ఇక్కడ మీరు నా భార్య లెక్క వాడుకోవచ్చు.

బాపమ్మ పోయేనాటికి నేను ఉద్యోగంలో చేరాను. మంచంలో ఉండి కూడా ఆమె గుప్పిళ్ళు మిరపకాయ వాసనే. బాపును దగ్గరికి పిలిచి, "వాళ్ళు దాన్ని పడగొట్టే దినం వస్తది. రావాలె గూడ. గని సాంబా, మొఖం పగులకుంట ఇంటికి తే. ఆయన ఇంకెక్కడ లేడురా" అంది. బాపు సరేనన్నాడు. ఒక్కగానొక్క ముఖం. దాన్ని పడగొట్టమని ఊరేగింపులు తీసేదీ ఆయనే, దాన్ని కాపాడతానని మాటిచ్చిందీ ఆయనే. ఆ తర్వాత కూడా ఆయన నినాదాలు మానలేదు. కాకపోతే పిడికిలి ఎత్తేటప్పుడు కళ్ళు దించుకునేవాడు. నేను పక్కనుండి చూశాను కాబట్టి తెలుసు.

ఆ రోజు మొన్న ఎండాకాలం వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కొత్త తరం పిల్లలు కమిటీని మళ్ళీ లేపారు, మున్సిపల్ ఆఫీసువాళ్ళు సరేనన్నారు. పొద్దున్నే క్రేను వచ్చింది. కమిటీ నాయకుడు శ్రీకాంత్ చేతిలో సుత్తె. బొమ్మ నేలకు దిగగానే తల పగలగొట్టి, అది ఫోన్లలో తీసుకోవాలని కుర్రాళ్ళ ఆరాటం. టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో మా బాపు. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా అడిగినది కళ్ళ ముందు జరుగుతుంటే, ముఖంలో రక్తం లేదు. నేను శ్రీకాంత్ దగ్గరికి పోయి, తల వదిలేయమని, ఆ ముఖం దొరది కాదు, మా తాతదని చెప్పాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా నవ్వాడు.

"అంకుల్, గీ బొమ్మ తుమ్మిందని మా నాయినకు చెప్పింది మీరే గదా? ఇప్పుడు మీ తాతనంటాండ్రా?"

చుట్టూ అంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను? నలభై ఏళ్ళుగా వాడంతటికీ కోతలు పంచిపెట్టినవాడికి, ఒక్క నిజం అవసరపడిన రోజున ఒక్క చెవీ దొరకలేదు. ఇంతలో కారులో దొర మనవడు దిగాడు, బొమ్మను తమ తోటలో పెట్టుకుంటామని కాగితం తెచ్చాడు. కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు. అరుపులు మొదలయ్యాయి. ఈ అరుపుల మధ్యే క్రేను బొమ్మను ఎత్తి, నెమ్మదిగా తిప్పి, నేల మీద నిలబెట్టింది.

అప్పుడు బాపు లేచాడు. జనాన్ని తన ఊతకర్రతో పక్కకు జరుపుకుంటూ పోయి, బొమ్మ పక్కన నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి, దొర జరీ రుమాలు చుట్టినట్టే తలకు చుట్టుకున్నాడు. వెన్ను నిటారు చేశాడు. అన్నేళ్ళూ పైన ఎక్కడో పావురాల మధ్య ఉన్న ముఖం మొదటిసారి మనిషి ఎత్తుకు దిగింది. ఆ ముఖం వయసుకు వచ్చి, దాటిన ముఖం దాని పక్కన ఉంది. అదే ముక్కు. అదే, నవ్వునో ఏడుపునో ఆపుకుంటున్నట్టు ఒక పక్కకు పోయిన మూతి. టీ కొట్టు యాదమ్మ గ్లాసు కింద పెట్టి, "అగో... మన సాంబయ్య తాతనే గదనే!" అంది. శ్రీకాంత్ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. దొర మనవడు దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "మా డాడీ ఎప్పుడు అంటుండె, అది మా బాపు కాదురా, ఎవరో మంచిమనిషి లెక్కున్నడు అని. మేం జోకనుకున్నం" అన్నాడు.

"మరి మీ నాయిన అని తెలిసే గిన్నేళ్ళు తీసెయ్యుమన్నరా తాతా?" అని శ్రీకాంత్ అడిగాడు. గొంతులో వేళాకోళం పోయింది.

"దొరను తీసెయ్యుమన్న. మా నాయినను దించుమన్న. రెండు ఒక్కటే పని, బిడ్డా" అన్నాడు బాపు. "గా సుత్తె ఇటు తే."

సుత్తె అందుకుని, బొమ్మ చేతిలోని కర్ర మీద వేశాడు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. కుర్రాళ్ళు సాయం పట్టబోతే వద్దన్నాడు. ఇంకోటి వేశాడు, ఇంకోటి. కర్ర విరిగి, లోపలి ఇనుపచువ్వ వంగి వేలాడింది. చాలన్నట్టు సుత్తె శ్రీకాంత్‌కు ఇచ్చేశాడు. మిషనుతో మెడ దగ్గర కోయించారు. తల లేని షేర్వానీని ఏం చేసుకుంటానని దొర మనవడు అంటే అది ఆఫీసు లారీలో పోయింది. తల మాత్రం బరువు. ఒక పక్క శ్రీకాంత్, ఇంకో పక్క దొర మనవడు పట్టి ఆటోలోకి ఎక్కించారు. గడి మనవడు బండి మల్లయ్య తలను రెండు చేతులా మోస్తుంటే బాపు వెనకనుంచి, "జర పైలం బాబూ, ముక్కు తలుగుతది" అని హెచ్చరించాడు.

ఇప్పుడు చౌరస్తా విశాలంగా ఉంది. బిందెలు మోసేవాళ్ళు లేరు, ఇంటింటికీ నల్లా వచ్చింది. పిల్లలు ఎవరి ముందూ తల దించరు, ఫోను ముందు తప్ప. యార్డు నుంచి ఎర్రగా నడిచి వచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు ఆటోల్లో వస్తారు, ఆగి ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడడానికి అక్కడ ఎవరున్నారు? ఆ రోజులు మంచివని నేను అనను. అంత ఎత్తున ఒక దొరను పెట్టి కింద బతికిన రోజులు ఎలా మంచివవుతాయి? కానీ ఆ ఎత్తున ఉన్నవాణ్ణి రోజూ అన్నానికి పిలిచిన మనిషి కూడా ఆ రోజుల్లోనే ఉంది. ఒకటి తీసేస్తే రెండోది కూడా కొంచెం రాలిపోతుంది. ఇంత చేసీ నేను చౌరస్తాలో దిగి తల ఎత్తడం మానలేకపోతున్నది అందుకేనేమో.

ఆ మధ్యాహ్నం తలను ఇంట్లోకి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, బాపు తన కుర్చీ చూపించాడు. చేతులున్న పాత టేకు కుర్చీ, ఆయన తప్ప ఎవరూ కూర్చోనిది. పెట్టాం. సిమెంటు జరీ రుమాలు కనపడకుండా తన తువ్వాల తీసి చుట్టాడు. తాను కింద చాప మీద కూర్చున్నాడు. "దిగినవ్ గదా. ఇగ కూసో" అన్నాడు. లోపల నా భార్య పచ్చిపులుసు కోసం ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసింది. ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. ఆమె తుమ్మింది, నేను తుమ్మాను, బాపు ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత గదిలో ఇంకో తుమ్ము వినపడింది. ఎవరిదో నేను చెప్పను, చెబితే మీరు సగంలో సగం లెక్క తీస్తారు. నేను బాపు వైపు చూశాను, ఎప్పటిలాగే కసురుతాడేమోనని.

బాపు కుర్చీ వైపు తిరిగి, "సల్లగుండు నాయినా" అన్నాడు.